పండేదాకా ఆగమన్నది నేనే

అరకు నుంచి ముంచింగిపుట్టు దాకా ఉన్న కొండల్లో సగం మందికి చూపు తెప్పించినవాణ్ణి నేను. నమ్మకపోతే ఏ సంతలోనైనా నిలబడి, కళ్ళ డాక్టరు ఎవరని అడగండి.

సరే, సగం అన్నది ఎక్కువే. డాక్టరు అన్నది ఇంకా ఎక్కువ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఒక్క కంటికి కూడా కత్తి పెట్టలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి విభాగం సహాయకుణ్ణి. నా ఆయుధాలు ఒక టార్చిలైటు, చుక్కల మందు, గోడకు తగిలించే అట్ట. మూడు కాళ్ళ ఇంగ్లీషు ‘ఈ’ గుర్తుకు కాళ్ళు ఎటువైపు ఉన్నాయో చేత్తో చూపించమంటామే, ఆ అట్ట. ఊరూరా తిరిగి శుక్లం ఉన్నవాళ్ళను వెతికి, ఒప్పించి, జీపెక్కించి, కింద మైదానంలో ఉన్న పెద్దాసుపత్రికి చేర్చడం నా పని. కోసేది వేరేవాళ్ళు. పేరు మాత్రం నాది. ఎందుకంటే పేరు చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి నేనే.

ఈ మధ్య, ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, “మీ రోజుల్లో జనాన్ని ఆపరేషనుకు ఒప్పించడం కష్టంగా ఉండేదా మాస్టారూ?” అని అడిగారు. వాళ్ళకు నేను చిరుతపులిని టార్చిలైటుతో బెదరగొట్టిన కథ చెప్పి, టీ ఇచ్చి పంపించాను. ఈ కథ చెప్పలేదు. పులి కథలో నేను గెలుస్తాను. పోనీలే, ఇప్పుడు కాగితం మీదైనా చెబుతాను. అన్నట్టు అది చిరుతపులి కాదు, అడవిపిల్లి. మా జీపు డ్రైవరు బతికే ఉన్నాడు, ఇది చదివితే ఊరుకోడు.

పిల్లలూ, మీకిప్పుడు శుక్లం ఆపరేషనంటే పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చే పని. మిషనుతో శుక్లాన్ని లోపలే పొడిచేసి లాగేస్తారు. మడతపెట్టిన లెన్సును ఆ సన్నని కంతలోంచి దూర్చితే అది లోపలికెళ్ళి విచ్చుకుంటుంది. దూరం చూపొక్కటే చాలా, దగ్గరది కూడా కావాలా అని చీరల కొట్లో పరిచినట్టు రకరకాల లెన్సులు చెప్పి అడుగుతారు. తొంభైల మొదట్లో ఆ అడగడమే లేదు. బడిలో బెంచీలు పక్కకు జరిపి శిబిరం పెట్టేవాళ్ళం. కంట్లో మసకబారిన సొంత లెన్సును మొత్తంగా బయటికి తీసేసి కుట్లు వేసేవాళ్ళు. దాని బదులు లోపల ఏమీ పెట్టేవాళ్ళు కాదు. ఆ లోటును రోగి ముక్కు మీద మోయాలి, సీసా అడుగంత మందమున్న అద్దాలతో. కాస్తోకూస్తో కనిపించేవాడికి ఆ అద్దాలు తగిలిస్తే మమ్మల్ని తిట్టేవాడు. అందుకని చూపు దాదాపు పోయేదాకా, శుక్లం తెల్లగా ముదిరేదాకా ఆగమనేవాళ్ళం.

ఆ ఆగమనే మాటను జనానికి ఎక్కించే బాధ్యత నా మీద పడింది. అప్పుడు కొండల్లో ఎక్కడ చూసినా కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడన మొక్కలు పెంచి, కాఫీ పండు ఎర్రబడ్డాకే కోయండి, పచ్చికాయ ముట్టుకోకండి అని తోటల వాళ్ళకు కాఫీ శాఖవాళ్ళు నూరిపోస్తున్న రోజులు. నేను ఆ మాటనే ఎత్తుకొచ్చేశాను. ముంచింగిపుట్టు సంతలో మైకు పట్టుకుని, “కంట్లో శుక్లం కాఫీ పండు లాంటిది! పచ్చిగా ఉన్నప్పుడు కోయకూడదు! పండనీ! పండాక నా దగ్గరికి రా!” అని అరిచాను. సంతంతా చప్పట్లు. ఆ చప్పట్లు పక్కన కోడిపందెం గెలిచినవాడికని డ్రైవరు అంటాడు. ఇద్దరికీ కలిపి కొట్టారని నా వాదన.

ఏమైతేనేం, మాట నాటుకుంది. నేను చెప్పిన మాటల్లో అంతగా నాటుకున్నది మరొకటి లేదు. అక్కడే చిక్కుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పెద్దాసుపత్రికి ఒక కొత్త సర్జను వచ్చారు. ఆవిడ మనిషి చిన్న, మాట ఇంకా చిన్న. మొదటిసారి కలిసినప్పుడే నాతో, “ఇకమీదట ముదిరేదాకా ఆపకండి. ఇప్పుడు చిన్న కోత చాలు, కుట్టు అక్కర్లేదు, లెన్సు కంటి లోపలే పెట్టేస్తాం. పనికి అడ్డమొస్తోందంటే చాలు, తీసుకురండి. రాయిలా ముదిరినవాటితోనే నా తంటా” అన్నారు.

“మరి జనానికి ఏం చెప్పమంటారు మేడమ్?”

“ఇన్నాళ్ళూ ఏం చెప్పారో దాన్ని తిరగేసి చెప్పండి.”

ఎంత తేలిగ్గా అన్నారో! మైకులో ఒక్కసారి అరిచిన మాట వెనక్కి తేవడానికి నేను ఎన్ని కొండలెక్కానో, ఎన్ని గుమ్మాల ముందు తలవంచుకున్నానో నాకే తెలుసు. అన్ని గుమ్మాల్లోకీ గట్టి గుమ్మం కాఫీ ముసలమ్మది.

ఆవిడకూ పేరుంది. నేను పెట్టుకున్నది ఈ పేరు. భర్తతో కలిసి కొండవాలున ఎకరం పైచిలుకు కాఫీ నాటింది. భర్త పోయాక తోటను తానే పెంచింది. కొడుకు రోడ్డుపనికి పోయేవాడు. ఇంట్లో ఉండేది కోడలు, ముసలమ్మ. కోడలికి నోరెక్కువ. వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పండు కోయలేని ముసలివాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని, ఎండబెట్టిన పండు మీదికి కోళ్ళు రాకుండా కర్ర ఊపుతారు. ముసలమ్మకు చావంటే భయం లేదు గాని ఆ కర్రంటే భయం. తాను నాటిన తోటలోంచి తనను లేపి అరుగు మీద కూర్చోబెడతారని భయం. కొనేవాళ్ళు ఒక్కొక్కరి బుట్టా కుమ్మరించి చూస్తారు. పచ్చికాయలు కనిపిస్తే నలుగురిలో బుట్టను వెనక్కి తోస్తారు. ఆవిడ బుట్టను వాళ్ళు ఏనాడూ తోయలేదు. అదే ఆవిడ గొప్ప.

విడతలుగా సాగే కాఫీ కోత మొదలవబోతున్న రోజుల్లో నేను వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి, టార్చి వేసి చూశాను. రెండు కళ్ళలోనూ శుక్లం సగం దాటింది. నా చెయ్యి ఎత్తి, వేళ్ళెన్నో చెప్పమన్నాను.

“నీ ఏళ్ళు నువ్వు నెక్కెట్టుకోలేవేటి బాబూ?”

కొండమీద అందరూ అందరినీ నువ్వే అంటారు, కలెక్టరు వచ్చినా సరే. దానికేం గాని, ఆవిడకు వేళ్ళు కనిపించలేదని నాకు అర్థమైంది. “మామ్మా, ఇప్పుడు ఆపరేషను చేయించుకుంటే మంచిది” అన్నాను.

“పండినాదా?”

“పండక్కర్లేదు. ఇప్పుడు కొత్త పద్ధతి.”

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏటి బాబూ, నువ్వే కదా మైకెట్టుకుని సంతంతా ఇనిపించినావు, పండేదాకా ఆగమని! ఇప్పుడు పచ్చిదే కోసెత్తానంటన్నావేటి? పచ్చికాయ లాగితే కొమ్మ సీరుకుపోద్ది. కన్ను సీరుకుపోదా?”

“అది వేరు మామ్మా, ఇది వేరు...”

“నాకు కనబడకపోతే నా బుట్టలో పచ్చికాయలుండాలి కదా? ఒక్కటున్నాదేమో అడుగు. నా ఏలుతో నొక్కితే పండో కాయో తెలిసిపోద్ది. నాకు కళ్ళతో పనేటి?”

పక్కన కోడలు ఏదో అనబోయింది. అత్త చూపు లేకపోయినా అటు తిరిగి చూసింది. కోడలు నోరు మూసుకుంది. ఆ కోడలు నోరు మూసుకోవడం నేను అంతవరకు చూడలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

నేను ఊరుకోలేదు. ఆపరేషనైతే ఇక్కడ నిలబడి విశాఖపట్నం ఓడలు చూడొచ్చన్నాను. సూదిలోకి దారం వెన్నెల్లో ఎక్కించొచ్చన్నాను. వయసు పదేళ్ళు తగ్గుతుందన్నాను. ఆవిడ అన్నీ విని, “ఓలమ్మ! అంత మంచిదైతే ముందు నువ్వే సేయించుకో” అంది.

తర్వాతి వారం ఒక సాక్షిని తీసుకెళ్ళాను. పక్క గూడెంలో ఒక తాత, పాత పద్ధతిలో ఆపరేషనైనవాడు, సీసా అద్దాలవాడు. బాగుందని ఒక్క ముక్క చెప్పు తాతా, చాలు అని దారి పొడవునా నూరిపోశాను. తాత అరుగు మీద దర్జాగా కూర్చున్నాడు.

“బాగున్నాది. శానా బాగున్నాది. అన్నీ పెద్దయిగా అగుపిస్తాయి. మా కోడిపెట్ట గొర్రంతుంటాది.”

నేను మురిసిపోయాను.

“గడప ఇక్కడున్నాదనుకుని కాలేత్తే అక్కడుంటాది. అదొకటి. జీలుగు కల్లు సొరబుర్రలో పోత్తే నేల మీద పడిపోద్ది. అదింకోటి. సగం కల్లు నేలే తాగేత్తంది బాబూ. ఆ ఒక్క బాధే.”

ముసలమ్మ పగలబడి నవ్వింది. వెనక జీపులో డ్రైవరు కూడా నవ్వాడు. “కొత్త పద్ధతిలో ఈ అద్దాలుండవు!” అని నేను అరుస్తున్నాను. ఎవరు వింటారు? తిరుగుదారిలో డ్రైవరు అన్నాడు, “సార్, మీరు ఈసారి సాక్షిని తేకండి. మీరు కూడా రాకండి.” అతను మిషన్ బడిలో చదువుకున్న క్రైస్తవుడు, అబద్ధమాడడు. అదే అతనితో నాకున్న ఇబ్బంది.

సర్జను మేడమ్‌ను బతిమాలి కొండ మీదికి రప్పించాను. సంతరోజున పంచాయతీ వరండాలో పరీక్షలు పెట్టాం. మధ్యాహ్నం జీపు కిందికి దిగాలి. జీపులో ఎక్కేందుకు ఒప్పుకున్నవాళ్ళు ముగ్గురే ముగ్గురు, అందులో ఒకడు సంతసరుకుతో ఊరికే దిగిపోదామని వచ్చినవాడు. కాఫీ ముసలమ్మ కూడా వచ్చింది. ఆపరేషను కోసం కాదు. పచ్చికాయ కోసే డాక్టరమ్మ ఎలా ఉంటుందో చూద్దామని.

మేడమ్ ఆవిడ కళ్ళు పరీక్షించి, “అవ్వా, ఈ చూపుతో పని ఎలా చేస్తున్నావు?” అన్నారు.

“నా పనికి వంకెట్టినోడు లేడు తల్లీ. నా బుట్టలో పచ్చికాయ సూపించమను, సూద్దాం.”

“అత్తా!” అంది కోడలు. వరండాలో జనం, బయట సంత. కోడలు కాసేపు తటపటాయించింది. ఆ తర్వాత కట్ట తెగింది. “సాలింక! పోయినేటి కోతంతా నీ బుట్ట నానే ఏరినాను. గెడ్డ కాడ బుట్ట దించి నువ్వు మొకం కడుక్కుంటావు సూడు, అప్పుడు. దోసిళ్ళకి దోసిళ్ళు పచ్చికాయలు గెడ్డలో పారేసినాను. నాను ఏరకపోతే నీ బుట్ట ఎప్పుడో ఎనక్కి తోసీసీవోరు!”

గెడ్డ అంటే వాగు. ఆ వాగు దగ్గర రోజూ జరిగింది అందరికీ ఒక్కసారి కళ్ళకు కట్టినట్టయింది. ముసలమ్మ బొటనవేలు చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటూ ఉండిపోయింది, ఏదో కాయను నొక్కి చూస్తున్నట్టు.

“మరి సెప్పలేదేటే?” అంది చివరికి.

“సెపితే నువ్వు తోటకి రావు. నువ్వు రాకపోతే నాను ఎవరితో దెబ్బలాడతాను?” అంటూనే కోడలు ఏడ్చేసింది.

సమయం దొరికింది కదా అని నేను ముందుకు దూకాను. “చూశావా మామ్మా! అందుకే అన్నాను. ఆపరేషనైతే నీకు చీమ కాళ్ళు కూడా...”

“మీరు కాస్త ఆగండి” అన్నారు మేడమ్. ఉద్యోగంలో నన్ను చాలామంది ఆగమన్నారు. అంత నెమ్మదిగా ఎవరూ అనలేదు. ఆగిపోయాను.

ముసలమ్మ మేడమ్ వైపు తిరిగింది. “నువ్వు సెప్పు తల్లీ. ఏటి సేత్తావు? ఉన్నదున్నట్టు సెప్పు.”

మేడమ్ స్టూలు దగ్గరికి జరుపుకుని చెప్పారు. “మత్తు కంటికే ఇస్తాం, మనిషికి కాదు. నువ్వు మెలకువగానే ఉంటావు. సూది గుచ్చినప్పుడు నొప్పి ఉంటుంది. తర్వాత వెలుతురు తెలుస్తుంది, నా చెయ్యి తగులుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. అన్నం ఉడికేంత సేపట్లో అయిపోతుంది. ఆ రోజు కంటికి కట్టు, మర్నాడు విప్పుతాం. మొదట్లో గరగరలాడుతుంది, నీరు కారుతుంది. నెల పైన చుక్కలు వేసుకోవాలి. కన్ను నలపకూడదు, నీళ్ళు పడకూడదు, పొయ్యి ఊదకూడదు, బరువు ఎత్తకూడదు. దూరం బాగా కనిపిస్తుంది. దగ్గర పనికి, బియ్యంలో రాళ్ళు ఏరడానికి, మామూలు అద్దాలు కావాల్సి రావచ్చు. పట్నంలో మిషనుతో చేసేది ఇంకొకటుంది, కోత ఇంకా చిన్నది. నీ కంటికి నేను చేసేది చాలు.”

“సెడిపోద్దా?”

“ఎప్పుడో ఒకరికి చెడుతుంది. చీము పట్టి కన్ను పోయినవాళ్ళు కూడా ఉన్నారు. అలా కాకుండా జాగ్రత్త పడతాను. కాదని మాట ఇవ్వలేను.”

అయిపోయింది, ఆ ముగ్గురు కూడా లేచిపోతారనుకున్నాను.

“పండనిత్తే?”

“పండితే నాకు కష్టం. మరీ పండితే లోపల ఉబ్బి, నొప్పి పుట్టి, కన్నే పోవచ్చు. అప్పుడు నేను కూడా ఏమీ చేయలేను.”

“ఇప్పుడు సేయించుకుంటే కోతకెల్తానా?”

“మొదటి కోతకు వెళ్ళలేవు. రెండోదానికి కూడా వద్దు. కొమ్మ తగిలితే ప్రమాదం. ఆఖరి కోతకు వెళ్ళు. బుట్ట మాత్రం ఇంకెవరైనా మోయాలి.”

“నాను మోత్తాను” అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

ముసలమ్మ లేచింది. నేరుగా నా దగ్గరికొచ్చి, “ఈ తల్లి సూడు. సెడిపోద్దని కూడా సెప్పింది. నువ్వెప్పుడైనా సెప్పినావా? కొనేవోడు పురుగుపట్టిన పండుని కూడా బాగున్నాదంటే వోడి తూకం నమ్ముతావేటి?” అంది. ఆ తర్వాత డ్రైవరుతో, “బేగి బండి తియ్యి బాబూ. మనసు మారిపోద్ది” అంది.

వెళ్ళి జీపు ముందుసీట్లో కూర్చుంది. అది నా సీటు. నేను వెనక సంతసరుకు మీద కూర్చుని ఘాట్‌రోడ్డు దిగాను.

నిజం చెప్పాలంటే ఆ దారంతా నాకు ఒకటే ఆలోచన. చెడితే? రెండు కొండల అవతలి దాకా ఇంకెవ్వరూ జీపెక్కరు. అంతకన్నా ముందు, ఆ ముసలమ్మ కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది, నేను అటు వెళ్ళినప్పుడల్లా కనిపిస్తుంది. ఆపరేషను గది బయట నేను అటూ ఇటూ తిరుగుతుంటే, లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది. “అన్నం ఉడికిపోయినాదా తల్లీ?” లోపల ఎవరో నవ్వారు. అప్పటిగ్గాని నేను బెంచీ మీద కూర్చోలేదు.

ముందు ఒక కన్నే చేశారు. మర్నాడు కట్టు విప్పారు. ఆవిడ కాసేపు కళ్ళు చిట్లించి, నీరు కార్చింది. ఆ తర్వాత ఒక కన్ను మూసి ఒక కన్నుతో, అది మూసి రెండోదానితో, అలా మార్చి మార్చి నర్సు చీరను చూసింది. “ఈ కంటికి తెల్లసీర. ఆ కంటికి టీనీళ్ళలో ముంచిన సీర. ఇన్నాళ్ళూ లోకమంతా టీనీళ్ళలో ముంచి సూసినానేటే?” అంది కోడలితో. శుక్లం తీసిన కన్నుకు రంగులు అలాగే కొత్తగా, కాస్త నీలంగా కనిపిస్తాయి. ఆ మాట రోగులకు ముందే చెప్పండి పిల్లలూ, లేకపోతే కంగారుపడతారు.

తర్వాత నా వైపు తిరిగింది. “ఈ ముసలోడెవడు?”

“అత్తా, కళ్ళ బాబు!”

“ఓలమ్మ! గొంతు ఇని గుంటడనుకున్నాను.”

ముప్పయ్యైదు దాటలేదని నేను ఆవిడతో ఎప్పుడో ఒకసారి అన్న మాట వాస్తవమే. ఎవరితో ఏమన్నానో అన్నీ గుర్తుండవు కదా.

మొదటి కోత పోయింది. రెండోది కూడా. ఆ రోజుల్లో ఆవిడ నల్లద్దాలు పెట్టుకుని తోట అంచున రాతిమీద కూర్చుని, కోస్తున్నవాళ్ళకు దూరం నుంచే తప్పులు పట్టిందట. ఆఖరి కోత రోజుల్లో చూపు పరీక్షకని వెళ్ళాను. ముసలమ్మ కొమ్మ వంచి ఒక్కొక్క పండూ కోసి పడేస్తోంది. నొక్కి చూడడం లేదు. బుట్ట కోడలు నెత్తినెత్తుకుంది. గెడ్డ దగ్గర ఇద్దరూ ఆగారు, నీళ్ళు తాగారు, బుట్ట జోలికి ఎవరూ పోలేదు. కొనేచోట దాన్ని కుమ్మరించారు. అంతా ఎరుపే. కొనేవాడు దాన్ని తూకానికి లాగేసుకుని తర్వాతి బుట్టవైపు తిరిగాడు. ముసలమ్మ ఇంకా చూడమన్నట్టు అక్కడే నిలబడింది. వాడికి పట్టలేదు. “ఇంకోసారి కుమ్మరించు బాబూ, నాను సూడాల” అంది. కుమ్మరించారు. తనివితీరా చూసుకుంది.

రెండో కన్ను ఎప్పుడు చేస్తారని ఆ రోజునుంచే నా వెంటపడింది. వచ్చే కోతకు రెండూ కావాలట. వేసవి మొదట్లో మేము జీపు వేసుకుని వాళ్ళ ఊరికి వెళ్ళేసరికి వాకిట్లో గుంపుంది. అందరూ ముసలివాళ్ళే, అందరికీ శుక్లాలే, ఒక్కటీ ముదరలేదు. సీసా అద్దాల తాత కూడా ఉన్నాడు, పాత కంటిలో కొత్త లెన్సు పెడతారేమో కనుక్కుందామని. ముసలమ్మ మధ్యలో నిలబడి చెబుతోంది.

“సూది గుచ్చినట్టే తెలీదు! కట్టు ఇప్పీసరికి, అదిగో ఆ కొండ మీంచి విశాకపట్నం ఓడలు అగుపించినాయి. ఓడ మీద మనుసులు అగుపించినారు. ఒకడు బీడీ కాలుత్తన్నాడు!”

మేడమ్‌కు తెలిస్తే ఇదంతా నేనే నేర్పానంటారు. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి ఒక గొప్పను తగ్గించడానికి నోరు తెరిచాను. “మామ్మా, అలా చెప్పకూడదు. సూది గుచ్చితే నొప్పి ఉంటుంది, నీకు కూడా ఉంది కదా. ఓడలవీ కనిపించవు. అందరికీ ఒకేలా...”

ఆవిడ కొత్త కన్నుతో నన్ను గుచ్చి చూసి, గొంతు తగ్గించింది.

“ఆ నిజాలన్నీ ఆ తల్లి సెప్పుకుంటాది. నువ్వు ఊరుకో బాబూ, ముందు జీపు నిండనీ.”